ఒంటికి పట్టడం

క్లీవ్‌లాండ్‌లో సరస్సు అడుగున ఉప్పు గని ఉంది.
మిల్కా హ్రిబార్ వాళ్ల నాన్న రోజూ అందులోకి దిగేవాడు.
సాయంత్రం ఆయన బొటనవేలు నాకి
"ఇవాళ కొత్త పొర తవ్వారు" అని చెప్పేదట పిల్ల.
డాక్టరయ్యాక కూడా అలవాటు పోలేదు.
పసిబిడ్డ నుదురు ముద్దాడి
ఒక్క క్షణం పెదవులు బిగించి ఆగేది.
తల్లులు ప్రేమనుకునేవారు.
ప్రేమే. కాకపోతే పరీక్ష కూడా.

నేను ఆవిడ ఫ్రీజర్లకి కాపలా,
ముప్పై ఆరేళ్లు.
మైనస్ ఎనభైలో పడుకున్న గొట్టాలకి
పేర్లూ తేదీలూ రాసేదాన్ని.

నేను చేరేనాటికి పరిశోధన అంటే పెయింట్ డబ్బాలు.
మూడు రోజులు రోగి తిన్న వెన్న లెక్క కాగితం మీద,
మూడు రోజుల మలం మూత బిగించిన డబ్బాలో.
రెండిటికీ ఉన్న తేడాయే సైన్సు.
మంచులో, యూక్లిడ్ అవెన్యూ బస్సు
రెండు చేతులా డబ్బాలతో ఆవిడ ఎక్కితే
"ఏ గోడకి రంగమ్మా?" అనేవాడు డ్రైవరు.
"లోపలి గోడకి."
ఒకసారి మూత ఊడింది.
ఆ కథ ఎవరికీ చెప్పొద్దంది, చెప్పను.

కడుపు వెనక, వెన్నుకి చేరబడి,
జానెడు అవయవం. క్లోమం.
మొహమాటస్తురాలు, నోరు విప్పదు అనేది.
విప్పిందా, మనిషి మోకాళ్ల మీదికి ముడుచుకుపోతాడు.
అన్నాన్ని అరిగించాల్సిన రసం
జిగటై, దారి మూసుకుపోయి,
పుట్టిన చోటునే అరిగించుకుంటుంది.
ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని
మా వైపు సామెత చెప్పాను. రాసుకుంది.

ఇంకోరోజు, ఎముకల గూడులాంటి కుర్రాణ్ణి చూసి
"ఎంత తిన్నా ఒంటికి పట్టదు"
అని నోరు జారాను, తెలుగులో.
అర్థం అడిగి, రెండుసార్లు అనిపించుకుని,
"నా పుస్తకంలో దీనికి నాలుగు పేజీలు తగలేశాను" అంది.

ఆ కుర్రాడు డారిల్ వోజ్నెక్.
చెమటలో ఉప్పు నూట నాలుగు. అరవై దాటితేనే జబ్బు.
ఐస్‌క్రీముకి మూడు మాత్రలు, పిజ్జాకి ఆరు,
వేళ్లమీద లెక్కపెట్టి మింగేవాడు.
పంతొమ్మిదో ఏట, ఫిబ్రవరిలో, ఊపిరితిత్తులు ఆగాయి.
క్లోమం ఎప్పుడో ఆగిపోయింది,
దానికోసం ఎవరూ ఏడవలేదు.
ఆ రాత్రి కిటికీ కింద ఉప్పు చల్లే లారీ వెళ్తుంటే
అది మలుపు తిరిగేదాకా ఆవిడ మాట్లాడలేదు.

తర్వాత జన్యువు దొరికింది, ఏడో క్రోమోజోము మీద.
వేరేవాళ్లకి దొరికింది.
ఆవిడ చప్పట్లు కొట్టి మళ్లీ డబ్బాల దగ్గరికొచ్చింది.
గ్రాంటు పదకొండుసార్లు తిరిగొచ్చింది.
ఊపిరితిత్తుల మీద రాయకూడదా అన్నారు, మర్యాదగానే.

కొత్త మందు వచ్చిన ఏడు
నోరీన్ అనే అమ్మాయి చెమట మళ్లీ పట్టాం.
నూటొకటి ఉండేది.
ముప్పై ఎనిమిది.
మిషను చెడిందని నా చెమట పెట్టి చూసింది.
మిషను బాగానే ఉంది.
కోటు వేసుకోకుండానే పార్కింగులోకి వెళ్లి
నేలమీంచి ఉప్పురాయి ఏరి నోట్లో వేసుకుంది.
రోడ్డుప్పు, మురికిది.
డెబ్బై దాటిన మనిషి.

నిరుడు నోరీన్ వచ్చింది, పిర్యాదుతో.
జీన్సు పట్టట్లేదట.
పాతికేళ్లు నెయ్యీ వెన్నా కూరుకోమన్న డైటీషియనే
ఇప్పుడు తగ్గించమంటోందట.
హ్రిబార్‌కి ఫోన్ చేసి చెప్పాను.
అవతల చాలాసేపు నవ్వు,
తర్వాత ముక్కు చీదిన చప్పుడు.
"అన్నీ కుదుటపడలేదు," అంది,
"ఆ మందు పనిచెయ్యని వాళ్ల పేర్లు నా దగ్గరున్నాయి."

కొత్త డైరెక్టరు ఫ్రీజర్లు ఖాళీ చెయ్యమన్నాడు.
మూడో అరలో, నా చేతిరాతే,
డి. వోజ్నెక్, ఫిబ్రవరి.
దీనిమీద పని ఇంకా నడుస్తోందని చెప్పాను.
అబద్ధమో కాదో తెలీదు.
తలుపు మూసి,
చేతి తొడుగు తీసి,
వేళ్లు వెచ్చబడేదాకా అక్కడే నిలబడ్డాను.