పదకొండో బకెట్

తెల్లారకముందే కొండెక్కి తాళం తీస్తాను.
కిటికీలోంచి రేవుగాలి వస్తుంది గానీ
ఫార్మలిన్ ముందు సముద్రం ఏపాటిది?
బల్లకో మెదడు, మెదడుకో బకెట్.
పదకొండోది నాది. అంటే నేను కడిగేది.

"బరువెంతుంటుంది ఎల్లాజీ?"
ఏటా ఎవరో ఒకరు అడుగుతారు.
కేజీ మూడొందలు. ఓ మోస్తరు కోనాం చేపంత.
బతికున్న తలకాయలో అయితే యాభై గ్రాములే.
నమ్మరు.
నీళ్ళలో తేలుతుందమ్మా, అంటాను.
ఇసకలో పడవని పదిమంది నెట్టాలి,
అల తగిలాక పిల్లోడి కాలు చాలు.

మేడమ్ గారు పొరలు చెబుతారు.
పైది టార్పాలిన్. మధ్యది సాలెగూడు.
లోపలిది ఉల్లిపొర,
ప్రతి మడతలోకీ దూరి అతుక్కునుంటుంది.
మడతలెందుకంటే, గంపలో వల కుక్కినట్టే:
పరిస్తే తలగడ గలేబంత,
దాచాల్సిన చోటు చూస్తే కొబ్బరికాయంత.

ఒకరోజు కత్తితో చీల్చి,
లోపల వంకర తిరిగి పడుకున్నదాన్ని చూపించి
"హిప్పోకాంపస్. అంటే సముద్రపు గుర్రం.
ఎవరైనా చూశారా?" అన్నారు.
అందరూ ఫోన్లో చూశారు.
నేను వలలో చూశాను.
పెదజాలరిపేట ఒడ్డున, చిటికెన వేలంత,
తాడుకి తోక చుట్టుకుని ఇంకా బతికే ఉంది.
మా అన్న దానయ్య దాన్ని విప్పి
"దీనికి ధర లేదురా" అని నీళ్ళలోకి విసిరేశాడు.
జ్ఞాపకాల్ని కట్టిపెట్టేది ఇదేనట.
అంటే ఆ గుర్రాన్ని ఇన్నేళ్ళుగా
నా తలలో ఇంకో గుర్రం తోకతో పట్టుకునుంది.

మొన్న శ్రావణంలో హార్బర్లో
ఐసు పెట్టె ఎత్తుతూ కూలబడ్డాడు దానయ్య.
కుడి చెయ్యి వేలాడిపోయింది. కుడి కాలు రానంది.
ఎవరో కుడిచేతికి చేశారంది వదిన.
కుడిచేతికి కాదు వదినా, ఎడమ బుర్రకి.
మెదడు కాడలో, మెడ మొదట్లో,
తాళ్ళు అటువి ఇటు, ఇటువి అటు దాటుకుంటాయి.
పదకొండేళ్ళుగా నేను పత్తితో తుడిచే చోటు.

మాట కూర్చే చోటు ఎడమ కణత లోపల,
రెండు వేళ్ళ మేర.
ఎంతమంది పిల్లలకి వేలు పెట్టి చూపించాను!
ఆ రెండు వేళ్ళ మేరలోనే
మా అన్న నోరు మునిగిపోయింది.
నీళ్ళకీ "బా". వదినకీ "బా". నాకూ "బా".

కొండ దిగువన వార్డులో అన్న, కొండమీద నేను.
మూడో బల్ల పిల్ల జబీన్ అడిగింది,
"మీ అన్నకి పాటలొచ్చా?
మాట ఎడమదే గానీ, పాటకి కుడిపక్క కూడా సాయం పడుతుందట.
పాడించి చూడండి."

సిగ్గేసింది.
నర్సమ్మ సీసా మార్చి వెళ్ళేదాకా ఆగి
చిన్నగొంతుతో ఎత్తుకున్నాను
వల లాగేటప్పటి పాట. సగం బూతులే.
మొదటి చరణం ఒక్కణ్ణే పాడాను.
రెండోదానికి అన్న ఎడమ చెయ్యి
దుప్పటి అంచు పట్టి లాగింది.
మూడోదానికి నోరు తెరుచుకుంది.
ప్రతి మాటా వచ్చింది,
ఒక్క బూతు కూడా తప్పిపోలేదు.
పక్క మంచం పెద్దాయన నవ్వాపుకోలేక దగ్గాడు.

పాట అయిపోయింది.
"నీళ్ళు కావాలా?" అన్నాను.
"బా" అన్నాడు.

పొద్దున పదకొండో బకెట్ మూత తీశాను.
ఎవరిదో తెలీదు, పేరు రాయరు.
రెండు చేతులా ఎత్తి కుళాయి కింద పట్టుకుని
కుడిపక్క
కాస్త ఎక్కువసేపు కడిగాను.