ఎడమకాలి చెప్పు

అంబర్‌పేటలో మా ఇంటి వెనక కిటికీ
ఏడాది పొడుగునా మూసే ఉండేది.
అవతల మూసీ.

మే నెల వస్తే అమ్మ సంచులు సర్దేది:
అటుకులు, చాప, దుప్పట్లు, తలనొప్పి మందు.
మెహిదీపట్నంలో బస్సు మారి
గండిపేటలో దిగేవాళ్లం, పదకొండు మందిమి.

మొగులయ్య మామ కట్ట మీద గేట్ల మనిషి.
చెరువు తోక దగ్గర, ఏరు వచ్చి కలిసేచోట,
నీటిమట్టం చూసేవాడి కోసం ఎప్పుడో కట్టిన రేకుల గది.
ఎండాకాలం అది మాది.
ఆడవాళ్లు లోపల, మగవాళ్లు ఇసకలో,
పిల్లలం ఎక్కడ నిద్రొస్తే అక్కడ.

"నది ఏది మామా?" అని అడిగాను మొదటి ఏడు.
బొటనవేలితో ఇసక గీరాడు.
"ఇగో, పండుకున్నది. లేపాలె."
మోచేయి లోతు చెలిమ తోడితే
ముందు బురద,
తర్వాత కడుగునీళ్లలా తెలుపు,
ఆఖరికి నా ముఖం.

ఆ నీళ్లతోనే అనసూయత్త పచ్చిపులుసు.
స్వరూపక్క పెళ్లిచూపుల్లో కుర్చీ విరిగిన సంగతి
ఉల్లిగడ్డలు కోస్తూ పదోసారి చెప్పేది.
ఆ కన్నీళ్లు నవ్వువో, ఉల్లివో.

రాత్రి కందిలి ముందు చింతగింజలతో పత్తాలాట.
ఆ ఏడు చింతగింజల మధ్యనుంచి
చిట్టీ పైసల మాట లేచింది.
"నాలుగు నెలల కిస్తీ బావా" అన్నాడు మామ.
"ఎగ్గొట్టేటోన్నా నేను?" అన్నాడు నాయిన.
అమ్మ ఇద్దరి ముందూ కంచాలు పెట్టింది.
చాలాసేపటికి తీసేసింది.

ఆ రాత్రే వాన.
రేకుల మీద ఎవరో బియ్యం చెరిగినట్టు మొదలై
బండలు దొర్లించినట్టయింది.
తెల్లారేసరికి ఏరు లేచి నిలబడింది
ఎర్రగా, ఎవర్నీ గుర్తుపట్టనట్టు.
ఇసకలో విడిచిన నా చెప్పుల్లో ఎడమది లేదు.
నీలం రబ్బరుది, సుల్తాన్‌బజార్‌లో కొన్నది,
పది రోజులు కూడా తొడగలేదు.

నా ఏడుపు చూడలేక మామ అన్నాడు:
"మీ ఇంటెన్క పారేది గూడ ఈ ఏరే బిడ్డా.
నడుసుకుంట అదే వస్తది."
ఈ నీళ్లా? అక్కడ ముక్కు మూసుకుంటాం కదా?
"తొవ్వల మనుషులు కలుస్తరు" అంది అత్త,
గిన్నెలు తోముతూ.

తిరుగుబస్సులో నాయిన నోరు విప్పలేదు.
నేను ఒంటిచెప్పుతో కుంటాను, కావాలనే.

ఇంటికి రాగానే వెనక కిటికీ తెరిచాను.
దోమలు వచ్చాయి. అమ్మ చేత తిట్లు వచ్చాయి.
చెప్పు రాలేదు.
మధ్యలో కట్ట ఉందనీ, గేట్లు మూసి ఉన్నాయనీ
నాకెవరూ చెప్పలేదు.

ఆగస్టులో ఒక రాత్రి
కిరాణా కొట్టుకు ఫోన్, నాయిన పేరు మీద.
మూడు నెలలుగా మామ ఊసెత్తని మనిషి
చొక్కా గుండీలు పెట్టుకోకుండానే ఉరికాడు.
నేను వెనకాలే.
రిసీవర్ బయటికే వినిపించింది మామ గొంతు:
"బావా, రెండు గేట్లు లేపిన.
పోరిదాని చెప్పు బయలెల్లింది.
పొద్దుగాల్ల మీ దిక్కు దాటుతది, జర సూడుండ్రి."

నాయిన ఏమీ అనలేదు.
అవతల బిళ్లలు పడుతున్న చప్పుడు.
ఒకటి. ఇంకొకటి.
"ఏ కాలుది?" అన్నాడు చివరికి.

తెల్లారి మూసారాంబాగ్ వంతెనకు
పోలీసులు తాడు కట్టారు.
ఒకే గొడుగు కింద ఇద్దరం.
థర్మాకోల్ పెట్టె పోయింది, కాలు లేని కుర్చీ పోయింది,
గుమ్మడికాయ ఒకటి దర్జాగా తిరుగుతూ పోయింది.
చెప్పులైతే లెక్కలేనన్ని.
ప్రతిదానికీ నాయిన తాడు మీంచి వంగి
"ఇదేనా?"
"కాదు."
"ఇది?"
"అది కుడిది నాయినా."

మధ్యాహ్నం వాన తెరిపిచ్చింది.
కొట్టు దగ్గర ఆగి, జేబంతా తడిమి
ఒక రూపాయి తీశాడు.
"దొరికింది మొగులూ" అన్నాడు.

నేను నా కాళ్లకేసి చూసుకున్నాను.
రెండింటికీ బురద.