పాతర మూత

(బ్రిటన్ దక్షిణాన సుద్దకొండలు, రోమన్లు రాకముందు)

పాతర తవ్వింది మా అన్న బ్రికో.
జింకకొమ్ముతో, పదమూడు రోజులు, నిలువెత్తు లోతు.
సాయంత్రం పైకి వస్తే
రెప్పల మీద, గడ్డం మీద తెల్లటి సుద్దపొడి.
"ముసలాడివయిపోయావురా" అని అమ్మ నవ్వేది.
ఆ మాట ఇప్పుడు ఎవరం అనం.

బార్లీ పోశాం, మెడదాకా.
పైన బంకమట్టి, పేడ, మళ్ళీ మట్టి.
తొక్కి అణిచింది నేను.
నా బరువు చాలక
మేకపిల్లని చంకనెత్తుకుని తొక్కాను.

లోపల ఏం జరుగుతుందో అమ్మమ్మ చెప్పేది:
గోడనానుకున్న గింజలు చెమ్మ తాగి మొలకెత్తుతాయట,
వానాకాలం వచ్చిందనుకుంటాయి కాబోలు, పిచ్చివి.
ఉన్న కాస్త గాలీ పీల్చేసి
అక్కడే నల్లబడి చస్తాయి.
ఆ చచ్చిన గాలిలో
పురుగు బతకదు, బూజు పట్టదు.
నడుమనున్న గింజ మాత్రం
విత్తేదాకా నిద్రపోతుంది.

ఆ చలికాలం కోటగుట్ట నుంచి లోవెర్న్ వచ్చాడు,
కర్ర మీద గాట్లు చూపించాడు.
నిరుడు మేం తెచ్చుకున్న మూడు బుట్టలు
నాగువడ్డీతో నాలుగున్నరట.
వాడి మనుషులు ఇల్లు వెతికారు, పొయ్యిలో బూడిద కెలికారు.
పాతర మీద మంచు,
మంచు మీద మా ఎర్రావు.
అదిలించినా లేవలేదు.
ఆవులకీ కొన్ని తెలుసు.

మంచు కరిగాక మూత పగలగొట్టాం.
ఒక రోజు ఆగాలి.
కొవ్వుదివ్వె తాడు కట్టి దించాలి,
ఆరిపోతే ఇంకో రోజు ఆగాలి.
చిన్నది సెన్నాకి గంజి తాగి రెండు రోజులయింది.
ఏడవటం కూడా మానేసింది.
దివ్వె ఆరింది.
బ్రికో దిగాడు.

మొదటి గంప నిండుగా వచ్చింది.
రెండోది ఎంతసేపటికీ కదలలేదు.
తాడు నా చేతుల్లోనే ఉంది.

గింజ మంచిదే. ముక్కలేదు, మచ్చలేదు.
సెన్నా తాగింది. మేమూ తాగాం.
మిగిలింది చల్లాం, మొలిచింది,
లోవెర్న్ నాలుగున్నర బుట్టలు కొలుచుకుని
కర్ర మీది గాట్లు చెక్కేసి వెళ్ళాడు.

ఆ గోతిలో మళ్ళీ ధాన్యం పోయలేదు.
అడుగున బొంతకాకినొకదాన్ని రెక్కలు చాపి పడుకోబెట్టి
సుద్దతో పూడ్చాం.

ఈ యేడు కొత్తది నేను తవ్వాను.
మట్టి మెత్తి, మూత తొక్కుతున్నాను.
మేక గట్టు మీద నిలబడి చూస్తోంది.
దాన్ని ఎత్తుకోనక్కర్లేదు,
నా బరువు సరిపోతోంది.