రెండు గళ్ళు

ఎమ్మిగనూరు, మగ్గాల వీధి.
గుంతమగ్గం గట్టు మీద బసవలీల.
తొమ్మిదేళ్ళు. చేతిలో ఎక్కాల పుస్తకం,
అట్ట ఎప్పుడో ఊడిపోయింది.

నా సర్వే ఫారంలో రెండే గళ్ళు:
బడిలో ఉంది. బడి బయట ఉంది.

"ఇంట్లో చదువుతాండాది, అట్లే రాసుకో సార్,"
అంటుంది మహానందమ్మ, కండెలు చుడుతూనే.
మూడో తరగతిని హైస్కూల్లో కలిపినాక
ఆదోని రోడ్డు దాటాల. పొద్దన్నుంచి లారీలే.
లాటరీలో ప్రైవేటు బడి సీటు వచ్చిందంట,
ఫీజు లేదు కానీ
బస్సుకు నెలకు తొమ్మిది నూర్లు అడిగినారంట.
"చట్టం మా బిడ్డకు బడి ఇచ్చింది, కాదనను.
రోడ్డు దాటించే చెయ్యి యాడిచ్చింది?"

నేను గోడ మీది క్యాలెండర్ చూశాను.

సంచిలో ఇంకో ఫారం కూడా ఉంది,
పనిలో పెట్టిన పిల్లల కోసం.
బసవలీల వేళ్ళ కొసలు నీలంగా ఉన్నాయి.
సిరానా, నూలు రంగా?
అడగాల్సిన ప్రశ్నే. జీతం దానికే ఇస్తారు.
అడగలేదు.

పాప మాత్రం ఎదురుగా కూర్చుని
నా కాగితాన్ని తలకిందులుగానే చదివేస్తోంది.
వీధి చివర వేపమాను ఇంటి నుంచి
బడి బయటి పిల్లల వరుసంతా
పెదాలు కదిపి కూడుతోంది.

"సార్, మొత్తం తప్పు.
పదిహేడు కాదు, పదహారే."

నిజమే.
పదిహేడని వేసింది నేనే,
ఈ గడప ఎక్కకముందే
ఈ పిల్లను కలుపుకుని.

పెన్ను మూత తీశాను.
రాట్నం ఆగింది.