చెప్పులు విప్పిన చోటు

నా నోటుబుక్కులో ప్రతి పేజీకీ మధ్యన ఓ గీత.
ఎడమ పక్క అడిగింది, కుడి పక్క కొన్నది.
బరంపురంలో ఇరవై రెండేళ్లుగా ఇళ్లు చూపిస్తున్నాను,
ఆ గీతని మారకుండా దాటిన మాటలు
వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

కింతలి దాలయ్య గారు, మగ్గం అమ్మేసి వచ్చారు.
"తూర్పు ముఖం బాబూ, అది తప్పదు.
ఆపైన నిశ్శబ్దం. నలభై ఏళ్ల చప్పుడికి
చెవులు అరిగిపోయాయి."
అంబపువలో చూపించాను. తూర్పే.
కాకి అరిస్తే ఆ వీధికదే వార్త.
హాలు మధ్యన నిలబడి మూడుసార్లు బాగుందన్నారు.
మూడుసార్లు బాగుందంటే కొనరని అర్థం.

కొన్నది గేటు బజారు వెనక సందులో, పడమటి గుమ్మం.
కింద ఇనప కొట్టు, పొద్దు పొడవకముందే రేకు కోసే రంపం.
ఆ ఇంటిని ఆయన ఒక్క ముక్క మెచ్చుకోలేదు.
కుళాయి కారుతోందన్నారు,
మెట్టు ఎత్తుగా ఉందన్నారు,
గోడకి చెవి ఆనించి కాసేపు ఊరుకున్నారు.
అడ్వాన్సు లెక్కపెడుతుంటే ఆ వేళ్లు
నాడె తోస్తున్నట్టే ఆడాయి.

సంజుక్త బిసోయి, ఆస్పత్రిలో నర్సు.
తెలుగు నాకంటే తిన్నగా మాట్లాడుతుంది,
కోపమొస్తే మాత్రం ఒడియా.
"ఫైలిన్‌లో మా రేకులు ఎగిరిపోయి
ఎవరి కొబ్బరిచెట్టుకో వేలాడాయండీ.
పెద్ద కిటికీలొద్దు. నాకు గాలంటేనే భయం."
సంతకం పెట్టింది గోపాలపురం రోడ్డులో, మూడో అంతస్తు,
పడగ్గదిలో గోడకన్నా కిటికీ ఎక్కువ.
తలుపు తియ్యగానే కర్టెను లేచి ఆవిడ మొహాన పడింది.
చాలాసేపు తీసుకోలేదు.

పాణిగ్రాహి మాస్టారు కారు నిలిపే జాగా లేనిదే
అడుగు పెట్టనన్నారు, పెట్టలేదు.
కారు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.
ఆ జాగాలో వాళ్లావిడ అప్పడాలు ఎండబెడుతోంది.

మొదట్లో అబద్ధాలనుకునేవాణ్ణి.
పెట్రోలు నాది కదా, ఒళ్లు మండేది.
అబద్ధాలు కావు.
అడిగేటప్పుడు మనిషి పక్కన బావమరిది ఉంటాడు,
అతను తలూపే ఇల్లు చెప్తాడు.
అర్ధరాత్రి మంచినీళ్లకి లేచి
దీపం వెయ్యకుండా నడిచే ఇల్లు
ఎలా ఉంటుందో
పట్టపగలు ఎవరు చెప్పగలరు?

ఇప్పుడు మాటలు రాసుకుంటాను గానీ వినను.
కాళ్లు చూస్తాను.
అమ్మేవాళ్ల పాత బూట్లు ఇంకా చెల్లాచెదురుగా పడున్న గుమ్మం దగ్గర
ఎవరూ అడక్కుండా చెప్పులు విప్పేశారా,
ఆ సాయంత్రమే స్టాంపు కాగితాల వాడికి ఫోను.

మొన్న రాత్రి హైమవతి నా పుస్తకం తిరగేసింది.
పద్దెనిమిదేళ్లుగా అద్దె కొంప మాది, హిల్‌పట్నాలో.
"ఇందులో మన పేజీ ఏదీ?"
చెప్పాను. తూర్పు. పెరడు. ముందు గదిలో నా ఆఫీసు.
ఆటో తిరిగేంత రోడ్డు.
పెన్ను తీసి నిజంగానే రాసింది, ఎడమ పక్క.
మరి నీకో, అన్నాను.
"స్టేషను వెనక ఆ రెండు గదులు.
నీకు జొరమొచ్చిన రోజు
తాళాలిచ్చి నన్ను పంపావు చూడు, అది."
"ఏటుందే అక్కడ? రైళ్ల మోత!"
పుస్తకం మూసి తలగడ కింద పెట్టుకుంది.

ఈవేళ పొద్దున్నే వెళ్లి తాళం తీశాను.
చూపించాల్సిన వాళ్లెవరూ లేరు.
గుమ్మం పక్క దుమ్ములో, గోడవారగా,
ఒక జత చెప్పుల అచ్చు. చిన్నవి.
ఎడమదానికి మడమ దగ్గర అరుగు.
మెయిలు వెళ్లింది. కిటికీ ఊచలు కాసేపు పళ్లు కొరికాయి.
వంటగదిలోకి వెళ్లి చెయ్యి కడుక్కున్నాను.
కుళాయి కారుతోంది, అన్నాను పైకే.
మెట్టు కూడా కొంచెం ఎత్తు.