జానెడు దూరం

చిలోయే దీవిలో, మా ఊళ్ళో
ఇల్లు మారడమంటే ఇంటినే మార్చడం.
గోడలూ, చెక్కపెంకులూ, కిటికీ అద్దాలూ,
అటక మీది వెల్లుల్లి జడలూ
అన్నీ ఉన్నవి ఉన్నట్టే.

డెల్మీరా నావెల్కిన్ ఇంటి పక్క గట్టుని
సముద్రం ఏటా ఓ అడుగు కొరుక్కు తింటోంది.
ఆ ఏడు వంటగది మూల దాకా వచ్చింది.
"ఇక లాగండి" అందావిడ,
పొయ్యిలో నిప్పు కూడా ఆర్పకుండా.

తొమ్మిది జతల ఎద్దులు,
నా చెయ్యంత లావు తాళ్ళు రెండు,
ఇంటి కింద దూలాలు, దూలాల కింద దుంగలు,
దుంగల కింద నెలరోజుల వాన.
నాకు పదేళ్ళు. నా పని
ఇల్లు దాటొచ్చేసిన దుంగ కనబడగానే "దుంగ!" అని అరవడం,
అరిచి, పరిగెత్తి, దానికి పందికొవ్వు పూయడం.

కాసేపు ఇల్లు ఆవులిస్తూ నడిచింది.
వాగు దగ్గర ఆగింది.

ఆగడమంటే ఆగడమే.
ఎద్దుల మోకాళ్ళు వంగాయి.
తాడు సన్నబడి, సన్నగా పాడింది.
ఎవరో దేవుణ్ణి తిట్టారు, ఎవరో ఎద్దుని.
ఎద్దు విని ఊరుకుంది.
తర్వాతెప్పుడో బళ్ళో జడత్వం అని రాయించినప్పుడు
మిగతా పిల్లలు రాయిని బొమ్మ గీశారు,
నేను డెల్మీరా ఇల్లు గీశాను, పొగగొట్టంలో పొగతో సహా.

అప్పుడొచ్చాడు రెమీహియో,
పడవలు కట్టేవాడు, ఎడంచేతికి మూడే వేళ్ళు.
తోసేవాళ్ళని పక్కకి తప్పించి
పదహారడుగుల పచ్చి కర్ర దూలం కిందకి దూర్చి
దాని కింద ఓ రాయి పెట్టాడు.
ఆరుగురు వేలాడారు.
కర్ర వంగింది. ఇల్లు వినలేదు.
రాయిని కాలితో తంతూ తంతూ
దూలానికి జానెడు దూరం దాకా నెట్టాడు.
"ఇప్పుడిద్దరు చాలు. ఈ పిల్లని కూడా రానీండి."

కర్ర చివర పట్టుకుని వేలాడాను.
మేం మూడడుగులు దిగాం.
ఇల్లు రెండు వేళ్ళు లేచింది.

"ఊరికే ఏమీ ఇవ్వదిది" అన్నాడు కర్రని తడుతూ.
"బలం అప్పిస్తుంది, దూరంతో వసూలు చేస్తుంది.
కాసు వదలని కొట్టువాడు."
ఆ రెండు వేళ్ళ సందులోకి ఓ చీల,
చీల నెత్తిన సుత్తి,
సుత్తి వెనక చీకటి పడుతోందన్న కంగారు.
మళ్ళీ కర్ర. మళ్ళీ రెండు వేళ్ళు.
చివరికి కొత్త దుంగ పట్టేంత.

ఎద్దులు కదిలాయి.
కిటికీలో కూచున్న పిల్లి
ఊరంతా వెనక్కి పోతోందేమిటా అని చూసింది.

రాత్రికి దించాం.
బంగాళదుంప రొట్టెలు, గుల్లలు, ఆపిల్ సారా.
మూడో గ్లాసు దగ్గర బడి మాస్టారు లెక్క తేల్చారు:
పాత చోటూ కొత్త చోటూ ఒకే ఎత్తు,
భూమి పట్టుకు వ్యతిరేకంగా మొత్తం పని సున్నా.
"పొద్దుట్నుంచీ, తొమ్మిది జతలు, అరవైమంది, సున్నా!"
అందరూ పగలబడ్డారు.

రెమీహియో నవ్వలేదు.
నన్ను చెయ్యి పట్టుకు తీసుకెళ్ళి
నా అరచెయ్యి చివరి దుంగకి ఆనించాడు.
అంత వానలో, అంత చీకట్లో
అది వెచ్చగా ఉంది.
ఎద్దులు నమిలిన గడ్డి, మేం తిన్న దుంపలు,
అన్నీ అక్కడే ఉన్నాయి,
ఎవరూ తిరిగి వాడుకోలేని రూపంలో,
ఇంకాసేపట్లో వానకి ఇచ్చేయడానికి.

ఇల్లు వెంట్రుకవాసి తూర్పుకి ఒరిగే నిలబడింది.
గొళ్ళెం తీస్తే చాలు, తలుపు తనంతట తానే తెరుచుకునేది.
డెల్మీరా దానికో బంగాళదుంప అడ్డు పెట్టేది,
మొలకలొచ్చాక ఇంకోటి.