రాగి గొట్టం

డిసెంబరు ఇరవై ఏడు. గ్రిమ్స్‌బీలో
మూడున్నరకే దీపాలు వేశారు.
మందుల షాపు నుంచి వచ్చి, కోటైనా విప్పకుండా
టీవీ ముందు కూలబడ్డాను.
పిల్లల కోసం సైన్సు పాఠాలట, మూడు రాత్రులు.
పదేళ్ళు దాటినవాళ్ళకి అని వేశారు.
నాకు నలభై తొమ్మిది. దాటినట్టే.

ఎర్ర బూట్లావిడ, చేతులు మోచేతి దాకా మడిచి,
రాగి గొట్టాన్ని నిలువుగా పట్టుకుంది.
ఇనప బిళ్ళ వేసింది. టక్కున కింద.
"అయస్కాంతం వేస్తే?"
చేతులన్నీ ఒక్కసారి లేచాయి,
వరిమళ్ళోంచి కొంగలు లేచినట్టు.
నా చెయ్యి కూడా.
సోఫాలో ఒక్కదాన్నే, చెయ్యెత్తి.

ఆఖరి వరస కళ్ళజోడు పిల్లాణ్ణి పిలిచింది.
వాడు వదిలాడు.
పడలేదు.
అంటే, పడుతోంది,
భుక్తాయాసంతో మెట్లు దిగే మేనమామలా.
గొట్టంలోకి కన్ను పెట్టిన పిల్లాడు
తెరిచిన నోరు మూయడం మర్చిపోయాడు.

ఇలాంటివి నేనూ రాశాను, తొమ్మిదో తరగతిలో.
ఎడమ పేజీ పెన్సిలు బొమ్మ, కుడి పేజీ సిరా.
ఉద్దేశం, పరికరాలు, విధానం, ఫలితం.
పరికరాలు బీరువాలో,
బీరువా తాళంచెవి హెడ్మాస్టరు గారి జేబులో,
హెడ్మాస్టరు గారు సెలవులో.
బి సెక్షన్ లలితాంబ రికార్డు తెచ్చుకుని
ఒక్క రాత్రిలో ఇరవై రెండు ప్రయోగాలు చేశాను, చేత్తో.
"నిరూపించబడినది" అని ఇరవై రెండు సార్లు.
పదికి తొమ్మిదిన్నర.
అర మార్కు దస్తూరికి తగ్గించారు.

గోడ మీద మూడు దెబ్బలు.
"నువ్వూ అదే చూస్తున్నావా?"
సిరిల్, పక్కింటాయన, ఎనభై ఒకటి,
చేపల ఓడల్లో ఇంజన్లు బాగుచేసినవాడు.
పది నిమిషాల్లో గుమ్మంలో ఉన్నాడు,
వానలో ఇంటి చెప్పులతో,
గుప్పిట్లో రేగుపండంత అయస్కాంతం.
"షెడ్డులో ఎక్కడో ఉందని తెలుసు."
బాయిలరు మార్చినప్పుడు ప్లంబరు వదిలేసిన గొట్టం
మెట్ల కింద ఉందని నాకూ తెలుసు.

ఆయన పట్టుకున్నాడు. నేను వదిలాను.
ఇరుక్కుందేమో, అన్నాను.
"ఆగు," అన్నాడు.

అరచేతిలోకి వచ్చి వాలింది, చల్లగా.

మళ్ళీ వేశాం. మళ్ళీ.
ఆయన వేశాడు, నేను పట్టుకున్నాను.
ఒకసారి సోఫా కిందికి దొర్లితే
ఇద్దరం మోకాళ్ళ మీద వెతికాం,
లేవడానికి ఆయనకి నా భుజం కావలసొచ్చింది.
ఈలోగా టీవీలో ఆవిడ
ఎందుకలా జరుగుతుందో చెప్పే ఉంటుంది.
చప్పట్లు మాత్రం వినిపించాయి.

"రాసుకో," అన్నాడు, చేతి గడియారం చూస్తూ.
గ్యాసు బిల్లు కవరు వెనక
ఉద్దేశం రాశాను, పరికరాలు రాశాను,
విధానం దగ్గర "సిరిల్" అని రాశాను.
ఫలితం దగ్గర కలం కాసేపు ఆగింది.

తర్వాత ఇలా రాశాను:
మళ్ళీ వెయ్యాలి.